మా అత్త వేసిన రెండో లంగరు

మా అత్త పోయిందని పోయిన మంగళవారం పొద్దున బంగారుపాళ్యం నుంచి ట్రంకు కాల్ వచ్చింది. ఫోన్ ఉన్నది మా పక్కింటి మందుల షాపులో. రిసీవర్ చెవికి పెట్టుకుంటే అవతల మా బావగారు, "అమ్మ ఎల్లిపోయింది పాపా, బిన్నా రాండి" అని పెట్టేశారు. తిరుపతిలో బస్సెక్కి, చిత్తూరులో మారి మేము చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మామిడికాయల కాలం. ఫ్యాక్టరీకి పోయే లారీలు రోడ్డు పొడుగునా నిలబడి ఉంటే, వాటి మధ్య సందు చూసుకొని ఇంటికి నడిచాం.

నిద్రలోనే పోయిందట. అంత సుఖమైన చావు ఆమెకు రావడం న్యాయమే. వసారాలో కూర్చున్న ఆడవాళ్ళు అప్పటికే ఆమె కథలు చెప్పుకుంటున్నారు. వాటిలో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. ఒక ముసలామె నన్ను చూపిస్తూ పక్కామెతో అంటోంది, "సముద్రంలో పడవ కొట్టుకపోతా ఉంటే ఈమె అత్త ఒక్కతే నిలబెట్టిందంట. ఈ పాప గ్రహణానికి కట్టె మాదిరి పండుకోనే ఉన్నిందంట, కాలు గూడా ముడవలేదంట. అట్లాంటి కోడలు ఎవురికి దొరుకుతాది?" నేను తల వంచుకున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు. ఏడుపు నిజమే. కానీ తల వంచింది సిగ్గుతో.

ఆ కథలో సగం అబద్ధం. ఆ అబద్ధం ఆమెది, లాభం నాది. పదేళ్ళ పాటు గొప్పలు చెప్పుకునే మనిషని నలుగురూ ఆమె వెనక నవ్వారు. ఆ నవ్వేవాళ్ళలో ఒక్కోసారి నేనూ కలిశాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఆయన ఓడల ఇంజన్ల పని నేర్చినవాడు. సరుకు ఓడల్లో ఆరేళ్ళు తిరిగి, చివరికి కరేబియన్ సముద్రంలో గ్రెనడా వైపు దిగిపోయి, ఆ దీవులకు వచ్చే చిన్న పడవల ఇంజన్లు బాగుచేస్తూ బతకడం మొదలుపెట్టాడు. ఎవరో వదిలేసిపోయిన ముప్పై అడుగుల తెరచాప పడవను కొని, అతుకులు వేసి, అందులోనే కాపురం ఉన్నాడు. పెళ్ళిచూపుల్లో మా నాయన "సొంత ఇల్లుండాదా?" అని అడిగితే, "ఉండాది మామా, నీళ్ళ మీద తేల్తా ఉండాది" అన్నాడు. మా నాయన తమాషా అనుకున్నాడు. నేనూ అదే అనుకొని ఒప్పుకున్నాను.

పెళ్ళై నేనూ ఆ పడవలోకి పోయిన రెండో ఏడు నాకు కడుపు నిలిచింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. నాకు తల్లి లేదు. "తల్లి లేని పిల్ల, నేను పోతా" అని మా అత్త లేచిందట. వేలూరు దాటి ఎరగని మనిషి. మెడలో అడ్రసు రాసిన అట్ట తగిలించుకొని, మూడు విమానాలు మారి, అరవై రెండేళ్ళ వయసులో వచ్చి దిగింది. చేతిలో మామిడికాయ ఊరగాయ జాడీ, రాగిపిండి మూట. దిగగానే మా ఆయనను కాదు, నా కడుపును చూసింది. "ఏడో నెలకు ఇంతేనా? ఏం తింటా ఉండావు పాపా?" అని అడిగింది.

పడవ లోపల ఈ కొస నుంచి ఆ కొసకు ఎనిమిది అడుగులు వేయొచ్చు. ఒక పొయ్యి, ఒక చిన్న తొట్టి, అటూ ఇటూ చెరొక బల్ల. రాత్రికి ఆ బల్లలే మంచాలు. పొయ్యి రెండు ఇరుసుల మీద ఊగేది, పడవ ఎటు ఒరిగినా గిన్నె నిటారుగా నిలిచేది. ఆ పడవలో అత్తకు నచ్చిన మొదటి వస్తువు అదే. "ఇట్లాంటిది ఉంటే ఎద్దులబండిలో పోతా గూడా సంగటి కెలకొచ్చు" అంది.

మంచినీళ్ళు ఒడ్డు నుంచి డబ్బాల్లో తెచ్చి పోసుకోవాలి. ముగ్గురికీ కలిపి రోజుకు రెండు బక్కెట్లు. ఆ లెక్క అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది, కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాను. అత్తకు ఒక పూట చాలింది. గిన్నెలు సముద్రపు నీళ్ళతో తోమి, ఒక్క లోటా మంచినీళ్ళతో తొలిపి, ఆ తొలిపిన నీళ్ళు దాచి నా కాళ్ళు కడిగేది. "నీళ్ళు కొలిసి తాగేవాళ్ళకు యాడైనా ఒగటే" అనేది. పొద్దున్నే పడవ పైభాగం ఉప్పునీళ్ళతో కడిగి, సుద్దముక్కతో ముగ్గు వేసేది. పది గంటలకల్లా అల తుంపర తగిలి అది చెరిగిపోయేది. చెరిగిందని ఆమె ఒక్కనాడూ బాధపడలేదు. మరునాడు మళ్ళీ వేసేది. పక్క పడవల తెల్లవాళ్ళు చేతిపడవల్లో వచ్చి చూసిపోయేవాళ్ళు.

ఇలా చెబితే మేమిద్దరం ఎంతో కలిసిమెలిసి ఉన్నామనుకుంటారు. లేదు. ఇంట్లో అత్తాకోడళ్ళు మాటామాటా అనుకుంటే ఒకరు పెరట్లోకి పోవచ్చు. మాకు పెరడు లేదు. వేయడానికి తలుపు కూడా లేదు. నేనా బి.ఎస్సీ. చదివినదాన్ని, నోరున్నదాన్ని. ఆమె నోరు విప్పకుండానే కొట్లాడగలదు. ఒకసారి పక్క పడవామె ఇచ్చిందని బొప్పాయి ముక్క తిన్నాను. కడుపుతో ఉన్నవాళ్ళు బొప్పాయి ముట్టకూడదని ఆమె పట్టు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిది అడుగుల ఇంట్లో మోకాళ్ళు తగులుతుండగా మూడు రోజులు మాట్లాడకుండా ఉండటం మాటలు కాదు. నాలుగోనాడు సంగటి ముద్ద నా తట్టలో పెడుతూ, "ఇల్లు సిన్నదైతే కోపం గూడా సిన్నది సేసుకోవల్ల. నాకు సేతకాలేదు, తిను" అంది. అదీ ఆమె క్షమాపణ.

ఎనిమిదో నెలలో గ్రహణం వచ్చింది. అది మా ఆయన నోటిదూలతో వచ్చింది. రేడియోలో పడవలవాళ్ళకు గాలీవానల సంగతులు చెబుతూ, మరునాడు సాయంత్రం సూర్యగ్రహణమని కూడా చెప్పారట. ఆయన దాన్ని పొట్లం విప్పినట్టు అన్నం దగ్గర విప్పాడు. అత్త చేతిలోని గరిటె అక్కడే ఆగింది. "ఎన్ని గంటలకు?" అంది. ఆ అడిగిన తీరు చూసి ఆయన కూడా నమలడం ఆపేశాడు.

మరునాడు పొద్దున్నుంచి ఆమె నన్ను పని ముట్టనివ్వలేదు. మధ్యాహ్నానికి కత్తులు, కత్తెర, సూదులు, చివరికి నా తలలో పిన్నులు కూడా తీసి గుడ్డలో చుట్టి నడుముకు దోపుకుంది. గ్రహణం వేళ కడుపుతో ఉన్నది ఏదైనా కోస్తే బిడ్డకు పెదవి చీలుతుంది. కాలు ముడిస్తే కాలు ముడుచుకుంటుంది. లేచి ఎండలోకి వస్తే ఇక చెప్పనక్కర్లేదు. దర్భ లేదు కాబట్టి ఒడ్డున పీకిన ఏదో ఎండుగడ్డిని నీళ్ళ బిందె మీద వేసి, "దర్భకు సిన్నమ్మ కూతురు, సర్దుకుంటాది" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

మా ఆయన ఇంజన్ విప్పి, అందులో పగిలిన ముక్కను చేతపట్టుకొని, చేతిపడవలో ఊళ్ళోకి పోయాడు. చీకటి పడకముందే వస్తానన్నాడు. నేను ఎడమ బల్ల మీద వెల్లకిలా పడుకున్నాను. అత్త కిటికీలకు తువ్వాళ్ళు కట్టి, పైకి పోయే నిచ్చెన కింది మెట్టు మీద, దారికి అడ్డంగా కూర్చుంది. "గంటన్నర గమ్మునుండు. గోకోవద్దు గూడా" అంది. నేను ఈ పట్టింపులు నమ్మేదాన్ని కాదు. అయినా పడుకున్నాను. బొప్పాయి తర్వాత ఇంకో మూడు రోజులు నావల్ల కాదు.

ముప్పావుగంట బాగానే గడిచింది. తువ్వాలు అంచుల్లోంచి వచ్చే ఎండ పలచబడింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. తర్వాత ఒక్కసారిగా విసిరింది, అదీ ఎప్పుడూ వచ్చే తూర్పు నుంచి కాదు, పడమటి నుంచి. పడవ గిర్రున తిరిగింది. అంతవరకు మాకు అండగా ఉన్న ఒడ్డు, ఒడ్డు ముందు నీళ్ళలో మునిగున్న పగడపు రాళ్ళు ఇప్పుడు మా వెనక్కి వచ్చాయి. నా తల పడవ చెక్కకు ఆనుకొని ఉండటంతో ఆ చప్పుడు ముందు నాకే వినిపించింది. అడుగున గొలుసు రాళ్ళ మీద ఈడ్చుకుపోతున్న గరగర.

"అత్తా, లంగరు జారతా ఉండాది. నేను లేవల్ల."

"పండుకో."

"ఎనకాల రాళ్ళుండాయి అత్తా. ఇంజను లేదు. పది నిమిషాలు గూడా పట్టదు."

నేను కాలు కదిలించేలోగా ఆమె నా చీలమండ పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. "బిడ్డకు మొర్రి వస్తాది పాపా. బతికినన్నాళ్ళూ మూతికి గుడ్డ అడ్డం పెట్టుకోని తిరగల్ల. మా సెల్లెలు కూతుర్ని సూసినా నేను."

"నిచ్చెన సందులోంచి సూడు, మబ్బు పట్టేసింది. సూరుడే కనపడకపోతే గ్రహణం యాడిది?"

"మబ్బు నీకూ నాకూ అడ్డం. కడుపులో బిడ్డకు గాదు."

పడవ ఒక్క కుదుపు కుదిపింది. పొయ్యి మీద గిన్నె మాత్రం కదలకుండా నిలబడింది. అత్త నా మొహంలోకి చూసింది. ఆమె మొహంలో భయం చూడటం అదే మొదలు. తర్వాత నా కాలు వదిలి లేచి, కొంగు నడుముకు బిగించింది. "నువ్వు పండుకోనే సెప్పు. నేను సేస్తా. నా సేతులేమన్నా పడిపోయినాయా?"

అలా మొదలైంది. ఆమె పైన, నేను కింద. నేను అరుస్తాను, ఆమె చేస్తుంది. ఒడ్డున రెండు కొబ్బరిచెట్ల మధ్య ఎర్ర కప్పు కనపడుతోందా అని అడిగాను. చెట్ల మధ్య లేదు, పక్కకు జరిగిందని చెప్పింది. కప్పు జరగదు, జరిగేది మనం. "అయితే సెప్పు బిన్నా" అంది. పడవ ముక్కు దగ్గర రెండో లంగరు ఉంటుంది, దానికి తాడు చుట్టగా పెట్టి ఉంటుంది, లంగరు కట్టు విప్పి దాన్ని నీళ్ళలోకి వదలమన్నాను. నాకు ఏమీ కనపడదు. నెత్తి మీద ఆమె వట్టి కాళ్ళ చప్పుడు వినిపిస్తోంది, అంతే. కాళ్ళు ముక్కు దాకా పోయాయి, ఆగాయి.

"ముడి నీళ్ళకు బిగిసిపోయుండాది."

"కత్తి నీ నడుములోనే ఉండాది అత్తా."

కాసేపు ఏమీ వినపడలేదు. కోస్తోందనుకున్నాను. తర్వాత ఆమె బరువెత్తేటప్పుడు చేసే మూలుగు, నీళ్ళలో దబ్బుమన్న చప్పుడు, ఆ వెంటనే తాడు బరబరా పరుగెత్తడం. ఆ పరుగు వింటుంటే పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. పొద్దున మా ఆయన ఉప్పు వదలాలని ఆ తాడును వానకు తడిపి ఆరేసి, మళ్ళీ చుట్టి పెట్టాడు. కొస పడవకు కట్టలేదు. నేను కళ్ళారా చూశాను. అన్నీ చెప్పి, అది చెప్పలేదు. తాడు అయిపోతే లంగరుతోపాటు అదీ పోతుంది, మా వెంట ఇంకేమీ మిగలదు.

"కొస పట్టుకో అత్తా" అని అరిచాను. గాలిలో నా గొంతు నాకే వినపడలేదు. తాడు చప్పుడు మాత్రం మారింది. దాని వెనక ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది కేక కాదు, కాలిన చోట ఊపిరి బిగపట్టినట్టు. నేను లేచాను. గ్రహణం గుర్తుకొచ్చిందా అంటే, రాలేదు. నిచ్చెన ఎక్కేటప్పుడు కడుపు మెట్టుకు తగిలింది, అదొక్కటే గుర్తు.

పైన ఆకాశం ఆ మూల నుంచి ఈ మూలకు నల్లగా ఉంది. అత్త తాడును తెరచాప కొయ్య మొదలుకు ఒక చుట్టు తిప్పి, రెండు కాళ్ళూ తన్నిపెట్టి వెనక్కి వాలి ఉంది. అయినా తాడు ఆమె అరచేతుల్లోంచి జారిపోతోంది. జారిన మేరా ఎర్రగా ఉంది. నన్ను చూసింది. తిట్టలేదు. పొమ్మనలేదు. "నా ఎనక నిలబడు. నా నీడలో ఉండు" అంది.

సూర్యుడే లేడు, నీడెక్కడిది? అయినా నేను పోయి ఆమె వీపుకు ఆనుకొని నిలబడ్డాను. ఆమె రెండు భుజాల కిందుగా చేతులు చాపి, మిగిలిన కొస అందుకొని కొయ్యకు రెండో చుట్టు వేశాను, మూడోది వేశాను. "కింద నుంచి తియ్, ఎద్దు పలుపు కట్టినట్ల" అని ఆమె చెబుతోంది. ముడి బిగిసింది. పడవ ఆగి, ఒక్కసారి వెనక్కి గుంజి, మెల్లగా ముక్కు గాలికి తిప్పింది. తిరిగి చూస్తే రాళ్ళ మీద అల తెల్లగా విరుగుతోంది, ఎదురింటి గడప ఎంత దూరమో అంత దూరంలో.

"దిగు. పండుకో" అంది.

దిగి పడుకున్నాను. ఆమె వచ్చి అదే మెట్టు మీద కూర్చుంది. చేతులకు కట్టు కడతానని నేను లేవబోతే, కళ్ళతోనే వద్దంది. ఇంకా అరగంట ఉంది. ఆ అరగంటా ఆమె అరచేతుల్లోంచి కారే నెత్తురు చీర మీద పడుతుంటే, నేను కదలకుండా పడుకొని చూశాను. నా జీవితంలో అంత పొడుగైన అరగంట ఇంకొకటి లేదు. అప్పుడు చెప్పింది, గొంతు పెంచకుండా.

"నువ్వు లేసినట్టు ఎవురికీ సెప్పొద్దు. నీ మొగుడికి గూడా. ఆ నా కొడుకు నోట్లో నువ్వుగింజ నానదు, ఊరికి జాబు రాసేస్తాడు. రేపు బిడ్డ పడి మోకాలు సీరుకున్నా, సదువు రాకపోయినా, పెండ్లి కుదరకపోయినా, నువ్వు లేసినందుకే అంటారు."

"ఎవురంటారత్తా?"

"అందరూ అంటారు. ముందు నేనే అంటానేమో. నా నోరు నాకు తెలుసు. అందుకే సెప్తా ఉండా, నువ్వు లెయ్యలేదు."

వాన వెలిసాక మా ఆయన తడిసి ముద్దై వచ్చాడు. గొలుసుతో పాటు కొయ్యకు కట్టిన తాడు కూడా చూసి నిలబడిపోయాడు. ఆయన నోరు తెరవకముందే ఆమె అందుకుంది. "నేనే ఏసినా. పాప లెయ్యలేదు. కొస కట్టకుండా పెట్టినావే, బుద్ధుండాదా నీకు?" ఆయన ఆమె చేతులు పట్టుకొని చూసి, అక్కడే చతికిలబడి ఏడ్చాడు. ఆయనతో పాటు నేనూ ఏడ్చాను. తప్పు సగం నాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ తర్వాత ఐదు వారాలు. పైకి అంతా మామూలే. ఆమె చేతులకు గుడ్డలు చుట్టుకొని వేళ్ళ కొసలతో సంగటి చేసేది, ముగ్గు మాత్రం మానేసింది. రాత్రి నేను పక్క మీద మెదిలితే, అవతలి బల్ల మీద ఆమె కూడా మెదిలేది. ఇద్దరిదీ ఒకే ఆలోచన. నమ్మనని చెప్పాను కదా. నమ్మకపోయినా భయపడొచ్చని అప్పుడే తెలిసింది. అద్దంలో నా పై పెదవిని వేలితో తడుముకుంటుంటే ఒకసారి ఆమె చూసింది. చూసి మొహం తిప్పుకుంది.

దీవిలోని చిన్న ఆస్పత్రిలో, ఒక తెల్లవారుజామున నొప్పులొచ్చి, మిట్టమధ్యాహ్నానికి కాన్పయింది. నల్లగా, నిండుగా ఉన్న ఒక పెద్ద నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి, మొహం మీద కొస కప్పి తెచ్చింది. ఆడపిల్ల అని చెప్పింది. నాకు గుడ్డ తీయడానికి చేయి రాలేదు. "నువ్వు సూడత్తా" అన్నాను.

"నువ్వే సూడు."

"నావల్ల కాదు."

నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. అత్త మంచం దగ్గరికి వచ్చి, గుడ్డ కొస పట్టుకొని, అలాగే నిలబడిపోయింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. కొస తీసేలోగా బిడ్డే కేరుమంది. అత్త గుడ్డ లాగేసింది. నిండు పెదవులు. ఆమెకు అది చాలలేదు. తాడు తగలకుండా మిగిలిన చిటికెన వేలును బిడ్డ నోట్లో పెట్టి, పై అంగిలి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది. మళ్ళీ తడిమింది. అప్పుడు మంచం పట్టె మీద కూర్చుంది.

నర్సుకు తెలుగు రాదు. అయినా అత్త ఆమె వైపే తిరిగి, సాక్ష్యం చెబుతున్నట్టు నిదానంగా చెప్పింది. "మా కోడలు ఆ పొద్దు లెయ్యనే లేదమ్మా. పడవ కొట్టుకపోతా ఉన్నా పండుకోనే ఉన్నింది. నేను సూసినా గదా." నర్సు ఏమనుకుందో, అవునన్నట్టు తల ఊపింది. పదేళ్ళు ఆమె చెప్పబోయే మాటను విన్న మొదటి మనిషి ఆవిడే.

బిడ్డను ఎత్తుకోమన్నాను. అరచేతుల్లో కొత్త చర్మం గరుకుగా, పొలుసులుగా లేచి ఉంది. గీసుకుంటుందని ఆమె భయపడింది. మోచేతులు దగ్గరగా చేర్చి, రెండు ముంజేతుల మీద నా కూతుర్ని పడుకోబెట్టుకొని, అరచేతులు రెండూ బిడ్డకు తగలకుండా అటూ ఇటూ గాల్లోకి తెరిచి పట్టుకొని, సాయంత్రం దాకా అట్లాగే కూర్చుంది.